అట్టపెట్టె పుట్టుక: డై గీతపై అచ్చుచిత్రం సిద్ధపరచు విధానం

(బి.కాం. తృతీయ సంవత్సరం)

మన ఇండ్లలో ప్రతిదినం కొన్ని అట్టపెట్టెలు ఖాళీ అయి చెత్తబుట్టను చేరుతుంటాయి. టూత్‌పేస్టు, సబ్బు, టీపొడి, మందుబిళ్ళలు, అగరువత్తులు, అత్తరు సీసా: వస్తువు ఏదైనా, అది చేతికి రాగానే పెట్టె పని తీరిపోయిందని మనం భావిస్తాం. కాని ఆ పెట్టె ఒక విద్యకు ఫలితం. దాని వెనుక కొలతలున్నాయి, యంత్రాలున్నాయి, అనేకుల చేతి కష్టమున్నది. ఆ విద్యలోని ఒక భాగాన్ని, అనగా పెట్టెపై అచ్చు కావలసిన చిత్రాన్ని, అక్షరాలను ముద్రణకు సిద్ధపరచు పద్ధతిని, నాకు తెలిసినంతలో తోటి విద్యార్థులకు పరిచయం చేయుటయే ఈ వ్యాసం ఉద్దేశం. గత మూడేళ్ళుగా సాయంకాలాలలో పాతనగరంలోని ఒక చిన్న ముద్రణాలయంలో డి.టి.పి. పని చేస్తూ చదువుకొంటున్నాను. కావున ఇందులో చెప్పబోవు సంగతులు కొన్ని చదివి తెలుసుకొన్నవి, కొన్ని నష్టపడి నేర్చుకొన్నవి.

పాఠకులు ముందుకు సాగుటకు మునుపు ఒక చిన్న ప్రయత్నం చేయవలెనని నా మనవి. ఖాళీ అయిన మందుల పెట్టె నొకదానిని తీసుకొని, అతుకు చినగకుండా మెల్లగా విప్పి బల్లపై పరచండి. ఇంతసేపు పెట్టెగా కనిపించినది ఇప్పుడు వింత ఆకారం గల ఒకే ఒక అట్టముక్కగా మారుతుంది. నాలుగు నిలువు ముఖాలు వరుసగా ఉంటాయి. ఒక చివర సన్నని పట్టీ ఉంటుంది. దానిపై రంగు ఉండదు. పైన, క్రింద మూతలు, చెవుల వంటి చిన్న రెక్కలు కనిపిస్తాయి. కొన్ని అక్షరాలు నిటారుగా, మరికొన్ని తలక్రిందులుగా ఉండవచ్చు. ఈ తలక్రిందుల అక్షరాలు పొరపాటు కావు. పెట్టె మడిచిన తరువాత అవే నిటారుగా నిలుస్తాయి. ఈ ఒక్క విషయం మనసుకు పట్టినవారికి ఈ విద్యలో సగం పట్టువడినట్లే.

ఒక పొరపాటు నుండి ఒక పరిశ్రమ

ముందుగానే కోసి, మడతగీతలు వేసి, చదునుగా పేర్చి పంపగల అట్టపెట్టె పుట్టుకకు ఒక ప్రమాదమే కారణమని చరిత్ర చెబుతున్నది. స్కాట్లండులో జన్మించి అమెరికాలోని బ్రూక్లిన్‌లో కాగితపు సంచుల వ్యాపారం చేసిన రాబర్ట్ గెయిర్ ముద్రణాలయంలో, 1879లో, సంచులపై మడతగీత వేయవలసిన లోహపు పట్టీ ఒకటి తన స్థానం నుండి జరిగి సంచులను కోసివేసింది. సరుకు పాడైంది. కాని కోతను, మడతను ఒకే దెబ్బతో ఒకే యంత్రంపై చేయవచ్చునన్న ఆలోచన గెయిర్‌కు ఆ నష్టం నుండే తట్టింది. అంతకు పూర్వం పెట్టెలను చేతితో కోసి, చేతితో గీత వేసి తయారుచేసేవారు. 1898లో ఏర్పడిన నేషనల్ బిస్కట్ కంపెనీ తన యునీడా బిస్కట్లను ఇటువంటి అట్టపెట్టెలలో అమ్మనారంభించిన తరువాత, పీపాలలో విడిగా పోసి అమ్మే సరుకు స్థానంలో పేరు, ముద్ర గల పెట్టె బజారులోనికి వచ్చింది.

డై అనగానేమి?

నేటికీ మూలసూత్రం అదే. సుమారు 18 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ పలకపై పెట్టె ఆకారాన్ని లేసరుతో సన్నని చీలికలుగా కోస్తారు. ఆ చీలికలలో ఉక్కు పట్టీలను వంచి బిగిస్తారు. ఈ పట్టీలు రెండు విధాలు. పదునైన అంచు గలవి అట్టను కోస్తాయి; మొద్దు అంచు గలవి అట్టను తెగకుండా నొక్కి మడతగీత వేస్తాయి. కోత పట్టీ ఎత్తు సాధారణంగా 23.8 మిల్లీమీటర్లు. మడత పట్టీ ఎత్తు దానికన్న అట్ట మందమంత తక్కువగా ఉండాలి. అట్ట 0.4 మిల్లీమీటర్ల మందముంటే మడత పట్టీ 23.4 మిల్లీమీటర్లుంటుందన్నమాట. కోత పట్టీలకు ఇరువైపులా రబ్బరు ముక్కలను అతికిస్తారు. కోత పూర్తికాగానే అట్టను డై నుండి విడదీసి బయటకు నెట్టేవి ఇవే. ఈ విధంగా తయారైన పలకనే మనవారు డై అంటారు. ఆ పనిని పంచింగ్ అని వ్యవహరిస్తారు.

మడత పట్టీకి ఎదురుగా, క్రిందివైపున, సన్నని గాడి ఉండాలి. అట్ట ఆ గాడిలోనికి నొక్కుకొని లోపలివైపున చిన్న ఉబ్బుగా ఏర్పడినప్పుడే మడత శుభ్రంగా తిరుగుతుంది. గాడి వెడల్పు మడత పట్టీ మందానికి అట్ట మందంలో ఒకటిన్నర రెట్లు కలిపినంత ఉండాలని ఒక లెక్క. పట్టీ 0.7, అట్ట 0.4 అయితే గాడి 1.3 మిల్లీమీటర్లు. గాడి ఇరుకైతే అట్ట పగిలి రంగు రాలుతుంది. వెడల్పైతే మడత సోమరిగా వంకరపోతుంది.

అట్టకు పీచు దిశ కూడా ఉన్నది. పుస్తకంలో పుట మడత పీచు వెంట సాగితే మేలు. పెట్టె విషయంలో పీచు సాధారణంగా నిలువు మడతలకు అడ్డంగా, పెట్టె చుట్టూ తిరిగేటట్లు ఉండాలి. అట్లైతేనే గోడలు ఉబ్బకుండా నిటారుగా నిలుస్తాయి.

డై గీత: చిత్రకారునికి హద్దు

డై తయారుచేసేవాడు గీచిన రేఖాచిత్రమే డై గీత. చిత్రం సిద్ధపరచేవాని చేతికి మొదట అందవలసినది ఇదే. చిత్రం ముందుగా వేసుకొని, తరువాత దానికి తగిన పెట్టె వెదకడం కుట్టించిన షేర్వానీకి తగిన మనిషిని వెదకినట్లుంటుంది.

ఒక ఉదాహరణతో కొలతలు చూద్దాం. నలభై మిల్లీమీటర్ల పొడవు, నలభై మిల్లీమీటర్ల వెడల్పు, వంద మిల్లీమీటర్ల ఎత్తు గల అత్తరు సీసా పెట్టె కావాలనుకొందాం. నాలుగు ముఖాలకు నాలుగు నలభైలు నూట అరవై. అతుకు పట్టీకి పన్నెండు. మొత్తం అడ్డకొలత 172 మిల్లీమీటర్లు. నిలువున గోడకు వంద, పైమూతకు నలభై, దాని నాలుకకు పదిహేను; క్రింద మరల నలభై, పదిహేను; మొత్తం 210. అనుభవజ్ఞుడైన డై పనివాడు నాలుగు ముఖాలను సరిసమానంగా ఉంచడు. అతుకు పట్టీతో కలిసే చివరి ముఖాన్ని సుమారు అర మిల్లీమీటరు తగ్గిస్తాడు. అట్టకు మందమున్నదన్న సంగతి తెర మరచిపోతుంది గాని మడత మరువదు.

ఈ గీతను కంప్యూటరులో చిత్రానికి పైన ప్రత్యేకమైన పొరలో ఉంచాలి. కోత గీతను నిండుగీతగా, మడత గీతను తునకల గీతగా చూపుట వాడుక. ఈ గీతలకు సాధారణ ముద్రణ రంగులు వాడక, డై అన్న పేరుతో వేరొక ప్రత్యేక రంగును కేటాయించాలి. ఆ రంగుకు ఓవర్‌ప్రింట్ గుణం ఇవ్వడం మరువరాదు. లేకున్నచో గీత ఉన్నచోట క్రింది రంగులన్నీ తొలగిపోయి, అచ్చులో సన్నని తెల్లని చారలు మిగులుతాయి. డై గీత చూచుటకే గాని అచ్చు వేయుటకు కాదు. ప్లేట్లు తీయునప్పుడు దానిని ఆపివేయాలి. అన్నింటికన్న ముఖ్యం, డై గీత కొలతను ఎన్నడూ సాగదీయరాదు, కుదించరాదు. చిత్రం ఇమడలేదని ఒక శాతం కుదించినా 210 మిల్లీమీటర్లలో రెండు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. ఇంతకుముందే ఉక్కుతో తయారైయున్న డై మాత్రం కుదించుకొనదు.

మూడు హద్దులు

చిత్రాన్ని డై గీతపై పరచునప్పుడు మూడు హద్దులు గుర్తుంచుకోవాలి. మొదటిది కోత గీత. అట్ట తెగేచోటు అదే. రెండవది దానికి వెలుపల కనీసం మూడు మిల్లీమీటర్లు. నేపథ్యపు రంగు కోత గీతను దాటి అంతవరకు సాగాలి. దీనిని బ్లీడ్ అంటారు. మూడవది కోత గీతకు లోపల మూడు మిల్లీమీటర్లు. అక్షరాలు, ముద్రలు, ముఖ్యమైన బొమ్మలు ఈ హద్దు దాటి అంచుకు చేరరాదు. మడత గీతల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఇంత ఎడం ఎందుకని కొత్తవారు ప్రశ్నిస్తారు. అచ్చుయంత్రంలో షీటు ఒక వెంట్రుకవాసి జరుగుతుంది. పంచింగ్ యంత్రంలో మరికొంత జరుగుతుంది. రెండింటి తేడాలు కలిసి అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు వరకు రావచ్చును. ఇది పనివాని అజాగ్రత్త కాదు, యంత్ర స్వభావం. కావుననే పెట్టె అంచు వెంబడి సన్నని గీత చుట్టించాలన్న కోరికను వదులుకొనుట మంచిది. ఆ గీత ఒకవైపు లావుగా, మరొకవైపు సన్నగా కనబడి, కంటికి కనిపించని అర మిల్లీమీటరు తేడాను కూడా చాటింపు వేస్తుంది. ఒక ముఖానికి ఎరుపు, ప్రక్క ముఖానికి తెలుపు పెట్టి రెండింటి కలయికను సరిగా మడతపైననే ఉంచినా ఇదే చిక్కు.

అతుకు పట్టీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జిగురు రంగుపై, వార్నిష్‌పై, లామినేషన్‌పై సరిగా పట్టదు. కాబట్టి ఆ పట్టీపై రంగు, వార్నిష్ రెండూ ఉండరాదు. అయితే అతుకు కొద్దిగా జరిగినప్పుడు తెల్లని అట్ట కనబడకుండా, ప్రక్క ముఖపు రంగును ఒకటి రెండు మిల్లీమీటర్లు పట్టీపైకి రానివ్వాలి. మందుల పెట్టెలు, తినుబండారాల పెట్టెలపై మరొక ఖాళీ కూడా అవసరం. బ్యాచ్ సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ కర్మాగారంలో తరువాత ముద్రిస్తారు. అక్కడ కూడా వార్నిష్ పూస్తే ఆ సిరా నిలువక వ్రేలితో రుద్దగానే చెరిగిపోతుంది. గడువు తేదీ చెరిగిన మందుపెట్టె చేతబట్టుకొన్న రోగికి ఆ పెట్టె ఎంత అందంగా ఉన్నా ప్రయోజనమేమి?

ఐదువేల పెట్టెల పాఠం

ఇక నా తప్పు చెప్పుకొంటాను. రెండేళ్ళ క్రిందట పండుగ ముందు మా ముద్రణాలయానికి ఐదువేల అత్తరు పెట్టెల పని వచ్చింది. పైన చెప్పిన కొలతలే. ఇరవై అంగుళాలు, ముప్పది అంగుళాల షీటుపై ఎనిమిదేసి పెట్టెల చొప్పున 625 షీట్లు, వృథాకు మరికొన్ని. పని నాకు అప్పగించారు. మూతపై ఉర్దూలో అత్తరు పేరు బంగారు రంగులో రావాలి. తెరపై చూచి, పైమూత చదరంలో ఆ పేరును నిటారుగా, నడిమధ్యకు, ఎంతో ముచ్చటగా అమర్చినాను. వర్తకుడు కాగితంపై నమూనా చూచి సంతకం చేశాడు. యజమాని చూచాడు. అచ్చయింది, పంచింగ్ అయింది.

పెట్టెలు అతికించే పని మా వీధి వెనుక ఇండ్లలోని స్త్రీలు చేస్తారు. వందకు ఇంత అని కూలి. ఎనిమిది వందల పెట్టెలు అతికించిన తరువాత, మేమందరం ఖాలా అని పిలిచే ఒక పెద్దావిడ ఒక పెట్టెను చేతబట్టుకొని ముద్రణాలయానికి వచ్చి, “బేటా, ముందువైపు చదవాలంటే ఇటు పట్టుకోవాలి, మూత చదవాలంటే తిప్పి పట్టుకోవాలి. ఇట్లాగే ఉండాలా?” అని అడిగింది.

ఆ మూత వెనుక ముఖానికి తగిలియున్నది. చదునుగా పరచినప్పుడు అది వెనుక ముఖానికి పైన ఉంటుంది. దానిని ముందుకు మడిచినప్పుడు, ఎదుట నిలబడి చూచువానికి మడత అంచు దూరంగా, అనగా అక్షరాల తలవైపున ఉంటుంది. కాబట్టి తెరపై ఆ పేరు తలక్రిందులుగా ఉండవలసింది. ముందు ముఖానికి తగిలిన మూత అయితేనే తెరపై నిటారుగా ఉంచాలి. తెరపై నాకు ఒప్పుగా కనిపించినదే పెట్టెపై తప్పైంది.

పంచింగ్ యంత్రంపై ముప్పదేళ్ళుగా పనిచేస్తున్న ఉస్తాద్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బల్ల క్రింద పడియున్న వృథా షీటు ముక్కను తీసి, మడిచి, నా ముందు నిలబెట్టి, “నువ్వు చేసింది కాగితం. వాళ్ళకు కావలసింది డబ్బా,” అని మాత్రం అన్నాడు.

ఐదువేలూ తూకానికి పోయినవి. అతికించిన ఎనిమిది వందలకు యజమాని కూలి చెల్లించాడు. మిగిలిన నాలుగువేల రెండువందల పెట్టెల పని ఆ వారం ఆ స్త్రీలకు లేకపోయింది. మరల అచ్చువేసి ఇచ్చేసరికి పండుగ దాటింది. సంతకం చేసినవాడు వర్తకుడే గదా అని వాదించవచ్చును. కాని సంతకం చేసినవానికి పెట్టె మడిచి చూపించలేదు. అతడు చూచినది కూడా నేను చూచిన చదునైన కాగితమే. తెలిసినవాని పూచీ తెలియనివాని సంతకంతో తీరిపోదని నాకు ఆనాడు తెలిసింది.

రంగులు

తెర వెలుగుతో చూపుతుంది. అట్ట సిరాతో చూపుతుంది. తెరపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల కలయిక. ఆఫ్‌సెట్ ముద్రణలో సయాన్, మజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల కలయిక. కాబట్టి చిత్రాన్ని ఈ నాలుగు రంగులలోనికి మార్చిన తరువాతనే వర్తకునికి చూపాలి. లేకున్న తెరపై మెరిసిన నీలం అట్టపై మసకబారినదని తగవు తప్పదు. సంస్థ ముద్రకు ఎప్పుడూ ఒకే ఛాయ కావలసియున్నచో అందుకు ప్రత్యేకంగా కలిపిన ఐదవ సిరాను వాడుట మేలు.

చిన్న అక్షరాలను ఒక్క నల్ల సిరాతోనే అచ్చువేయాలి. నాలుగు సిరాలు కలిపి నలుపు చేసినచో, ఒక ప్లేటు కొంచెం జరిగినా అక్షరానికి రంగురంగుల నీడలు పడతాయి. ఛాయాచిత్రాలు అచ్చయ్యే కొలతలో అంగుళానికి 300 బిందువుల సాంద్రతకు తక్కువ కారాదు. బంగారు రేకు, ఉబ్బెత్తు ముద్ర, మెరుపు వార్నిష్ ఉన్నచో, ఒక్కొక్కదానికి డై గీత వలెనే వేరువేరు పొరలు కావాలి.

అక్షరాలు: తెలుగు, ఉర్దూ

మన కళాశాలలో రెండు భాషలవారమూ ఒకే బల్లపై కూర్చుంటాం. ఒకే పెట్టెపై ఈ రెండు లిపులు కూర్చుండునప్పుడు మాత్రం కొన్ని మర్యాదలు పాటించాలి.

తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, క్రింద ఒత్తులు. ‘రాష్ట్రం’ అన్న మాటలో రెండు ఒత్తులు వచ్చి చేరుతాయి. ఇంగ్లీషు పంక్తులకు చాలిన ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకుతుంది. క్రింది పంక్తి మడత గీతకు సమీపంగా ఉన్నచో ఆ ఒత్తు మడతలో పడి నలుగుతుంది. కావున హద్దు కొలిచేటప్పుడు అక్షరం అడుగు నుండి కాక ఒత్తు అడుగు నుండి కొలవాలి. గుండ్రని లిపి గనుక మరీ చిన్న కొలతలో లోపలి ఖాళీలు సిరాతో పూడిపోతాయి. ముదురు రంగుపై తెల్లని చిన్న అక్షరాలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకదాని భుజంపై ఒకటి వాలి, ఏటవాలుగా దిగుతాయి. హైదరాబాదులోని ఛత్తా బజారులో కాతిబులు కలంతో వ్రాసిన పెండ్లి పత్రికలు చూచినవారికి ఆ సొగసు తెలియును. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌తో ఆ లిపి కంప్యూటరుకెక్కింది. అయినను, ఉర్దూ తెలియని చిత్రరచనా సాఫ్ట్‌వేర్‌లో ఆ పాఠం పెట్టినచో అక్షరాలు విడివిడిగా విరిగిపోయి, ఎడమ నుండి కుడికి తిరగబడి కూర్చుంటాయి. తెలుగుకూ ఇటువంటి కష్టమే: సరియైన అమరిక లేనిచో ఒత్తులు విడిపోయి పొల్లులుగా మారుతాయి. పాత ఫాంట్లలో కూర్చిన పాఠం ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచినప్పుడు అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. వీటన్నింటికీ ఒకటే విరుగుడు. ఆ భాష చదువగలవాడు తుదిపాఠం దిద్దిన తరువాత అక్షరాలన్నింటినీ రేఖారూపాలుగా మార్చి ముద్రణకు పంపాలి. దిద్దకముందే మార్చినచో తప్పులు కూడా రేఖలై స్థిరపడతాయి.

మరొక సూక్ష్మం. తెలుగు చదివేవాడు ముందు ముఖం చూచిన పిదప పెట్టెను తిప్పి కుడిప్రక్క ముఖానికి పోతాడు. ఉర్దూ చదివేవానికి తరువాతి మాట ఎడమవైపున ఉండుట సహజం. ఒకే వివరం రెండు భాషలలో ప్రక్క ముఖాలపై రావలసియున్నచో కుడిముఖం తెలుగుకు, ఎడమముఖం ఉర్దూకు కేటాయించిన ఇద్దరికీ సుఖం.

ప్యాకేజీ సరుకుల నియమాలు (2011) ప్రకారం తప్పనిసరి వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి. ఇతర భాషలను అదనంగా చేర్చుకొనవచ్చును. ఈ ‘అదనం’ అన్న మాట వలన మన భాషలు తరచుగా చివర మిగిలిన జానెడు చోటులో ఇరుక్కొంటున్నాయి. బిడ్డకు మందు ఎన్ని చుక్కలు వేయాలో చదువుకొనే తల్లికి తెలుగో ఉర్దూయో మాత్రమే వచ్చియుండవచ్చును. ఆమెకు అది అదనం కాదు. ఆమె చదువగలది అంతే.

చట్టం, గీతల సంకేతం, చుక్కల లిపి

తయారీదారు పేరు, చిరునామా, సరుకు పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, వినియోగదారుల ఫిర్యాదు వివరాలు పైన చెప్పిన నియమాలు కోరుతున్నవి. అంకెల కనీస ఎత్తు కూడా నిర్ణయించబడియున్నది. తినుబండారాలకు 14 అంకెల ఆహారభద్రతా లైసెన్సు సంఖ్య, శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ వృత్తం చేరాలి. వీటికి చోటు మొదటనే కేటాయించుకోవాలి. చిత్రమంతా పూర్తయిన పిదప ఇరికించరాదు.

బార్‌కోడు 1974 జూన్ 26న అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టుతో దుకాణాలలోనికి ప్రవేశించింది. మన దేశంలో నమోదైన సంస్థల సంకేతాలు 890తో మొదలవుతాయి. పదమూడు అంకెల సంకేతం ప్రామాణిక కొలత, ఇరువైపుల ఖాళీతో కలిపి, 37.29 × 25.93 మిల్లీమీటర్లు. దీనిని ఎనభై శాతానికి మించి కుదించరాదు. గీతలకు ఎడమన, కుడిన ఉండవలసిన ఖాళీని అలంకారాలతో నింపరాదు, మడతపై వేయరాదు. ఎర్రని గీతలు కూడదు. దుకాణాలలోని యంత్రం సాధారణంగా ఎర్రని కాంతితో చదువుతుంది గనుక దానికి ఎరుపు తెలుపుగానే కనబడుతుంది. ఎంపికచేసిన మూడు వందల మందుల పెట్టెలపై 2023 ఆగస్టు 1 నుండి క్యూఆర్ సంకేతం కూడా తప్పనిసరి అయింది.

మన హైదరాబాదు పరిసరాలలో తయారైన మందులు ఐరోపాకు కూడా ఎగుమతి అవుతున్నవి. అక్కడి మందుల పెట్టెలపై మందు పేరు అంధులు వ్రేళ్ళతో చదువు బ్రెయిలీ చుక్కలలో ఉండవలెనని 2004 నాటి ఐరోపా ఆదేశం నిర్ణయించింది. ఈ చుక్కలను తరచుగా పంచింగ్ సమయంలోనే ఉబ్బెత్తుగా నొక్కుతారు. చిత్రం సిద్ధపరచేవాడు వాటిని ప్రత్యేక పొరలో ఉంచి, మడతకు, అతుకుకు దూరంగా అమర్చాలి. వాటికి రంగు లేదు, మెరుపు లేదు. కంటితో చూచేవారు వాటిని గమనించరు. కాని ఒక చుక్క చెరిగితే అక్షరం మారుతుంది. అక్షరం మారితే మందు మారవచ్చును.

చివరి పరీక్ష

పని ముద్రణకు పోవుటకు ముందు నేనిప్పుడు తప్పక చేయు పరీక్ష ఒకటున్నది. చిత్రాన్ని డై గీతతో సహా అసలు కొలతలో, నూటికి నూరు శాతం, కాగితంపై తీస్తాను. స్కేలుతో అడ్డం 172, నిలువు 210 వచ్చినవో లేదో కొలుస్తాను. దానిని అసలు వాడబోవు అట్టపై అతికించి, కత్తితో కోసి, మడిచి, అతికించి, పెట్టెగా నిలబెడతాను. లోపల సీసా పెట్టి చూస్తాను. మూత తెరిచి, మూసి, చుట్టూ త్రిప్పి, ప్రతి ముఖం చదువుతాను. నాకు రాని భాషను వచ్చినవారి చేత చదివిస్తాను. ఆ డమ్మీ పైననే వర్తకుని సంతకం తీసుకొంటాను. ఇదంతా గంట పని. ఆనాడు ఈ గంట పని చేసియుంటే ఐదువేల పెట్టెలు దక్కేవి.

కంప్యూటరు అన్నీ చూపుతుండగా కత్తి, జిగురు ఎందుకని అడిగే మిత్రులున్నారు. పెట్టెను మడిచి చూపగల సాఫ్ట్‌వేర్ నేడు ఉన్నమాట నిజమే, అది ఉపయోగకరమే. కాని అట్ట మందం వ్రేళ్ళకు తెలిసినట్లు తెరకు తెలియదు. మా ఖాలా కంప్యూటరు ఎన్నడూ ముట్టుకొనలేదు. ఆమె చేతులు మాత్రం మా అందరి కళ్ళకన్న ముందుగా తప్పును పట్టుకొన్నవి. ఈనాడు పని పూర్తి చేయగానే నేను కట్టిన డమ్మీని మొదట ఆమెకే చూపుతాను. ఆమె అటు ఇటు త్రిప్పి, మూత తెరిచి చూచి, “ఠీక్ హై బేటా” అన్న తరువాతనే ప్లేట్లకు పంపుతాను.

మన విద్యార్థులలో చిత్రలేఖనం తెలిసినవారు, రెండు మూడు లిపులు చదువగలవారు అనేకులున్నారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ తప్పులేకుండా దిద్దగలవాడు ముద్రణాలయాలలో సులభంగా దొరకడు. డిగ్రీతోపాటు ఈ పని నేర్చుకొన్నవానికి అన్నం పెట్టగల విద్య ఇది. ఆసక్తి గలవారు ముందుగా గొప్ప కంప్యూటరు కొనవలసిన అవసరం లేదు. ఈ రాత్రి ఇంటిలో ఖాళీ అయిన పెట్టె నొకదానిని పారవేయక విప్పి చూడండి, కొలవండి, మరల మడవండి. దానిపై తలక్రిందులుగా ఉన్న అక్షరం ఎందుకట్లున్నదో మీ అంతట మీకు తెలిసిన క్షణాన మీ మొదటి పాఠం పూర్తయినట్లే. నాకు ఆ పాఠం నేర్పిన ఐదువేల పెట్టెలలో ఒకటి నేటికీ నా బల్లపై ఉన్నది, మూతపై పేరు తలక్రిందులుగానే.